ముత్యాల గర్భం తీసేశారు, హెచ్‌సీజీ మాత్రం దిగడం ఆగిపోయింది

పేరు రాయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఆమెకు 29 ఏళ్లు. పెళ్లయి మూడేళ్లయింది. ఇదే తొలి గర్భం. మొదటి నుంచీ వేవిళ్లు విపరీతం, దానికి తోడు గుండెదడ, చేతుల వణుకు. పదో వారంలో కొద్దికొద్దిగా బ్లీడింగ్ మొదలైతే ఆసుపత్రికి వెళ్లారు. స్కానింగ్‌లో బిడ్డ కనిపించలేదు, గర్భసంచి నిండా చిన్న చిన్న నీటి తిత్తులున్నాయి. రక్తంలో బీటా హెచ్‌సీజీ (గర్భం నిలిస్తే మాయ నుంచి వచ్చే హార్మోన్) 2,10,000. ముత్యాల గర్భం అని చెప్పి, మర్నాడే మత్తు ఇచ్చి సక్షన్ పద్ధతిలో తీసేశారు. బయాప్సీ రిపోర్టులో ‘కంప్లీట్ మోల్ (పూర్తి ముత్యాల గర్భం), పీ57 నెగెటివ్’ అని వచ్చింది.

అప్పటి నుంచి వారం వారం రక్తపరీక్ష చేయిస్తున్నారు. అంకెలు వరసగా 18,400, 2,950, 610, 205, 118, 112, 109. వీటిలో 112 మాత్రం పుట్టింటికి వెళ్లినప్పుడు అక్కడి ల్యాబ్‌లో చేయించినది. ‘వచ్చే వారం కూడా తగ్గకపోతే ఇంజెక్షన్లు మొదలుపెడదాం’ అన్నారట డాక్టర్. అవి కీమో ఇంజెక్షన్లని తెలిశాక ఈమెకు నిద్ర పట్టడం లేదు. ‘బ్లీడింగ్ ఆగింది, మనిషివి బాగానే ఉన్నావు, ఇంకా ఈ రక్తపరీక్షలెందుకు? మళ్లీ కడుపు పండితే అన్నీ సర్దుకుంటాయి’ అంటారు భర్త. గర్భం నిలిచిన కొత్తలో బరువులెత్తి, ఉద్యోగానికి తిరిగి చేటు తెచ్చుకున్నావని అత్తగారి మాట. గర్భసంచి తీసేస్తే ఈ జబ్బు పోతుందని ఒక బంధువు చెప్పారు. మళ్లీ గర్భం కోసం ఆరు నెలలు ఆగాలని ఒకరు, ఏడాది ఆగాలని మరొకరు అంటున్నారు. ఈ మధ్య రెండుసార్లు భర్తతో కలిసినప్పుడు జాగ్రత్త తీసుకోలేదనీ రాశారు. చివరగా ఒక ప్రశ్న: ‘అసలు అది బిడ్డేనా? బిడ్డే కాదంటున్నప్పుడు నేను ఇంతగా ఏడవడం తప్పా?’

సమాధానం

మీ ప్రశ్నల్లో వెంటనే తేల్చుకోవలసినది వచ్చే వారం పరీక్ష సంగతి. కాబట్టి ముందు అంకెల గురించే చెబుతాను. మిగతావి ఆ తర్వాత.

మొదటి నాలుగు వారాల్లో మీ హెచ్‌సీజీ దిగిన తీరు చక్కగా ఉంది. ఐదో వారం నుంచి నెమ్మదించింది. వారానికి పది శాతం కూడా తగ్గకుండా అటూ ఇటూగా అక్కడే ఉంటే, అంకె నిలిచిపోయిందని వైద్యులు లెక్కిస్తారు. అయితే ఒకటి రెండు రిపోర్టులు చూసి ఆ మాట అనరు. స్త్రీ వైద్య, ప్రసూతి నిపుణుల అంతర్జాతీయ సమాఖ్య ఫిగో ఇందుకు నియమం పెట్టింది. మూడు వారాల వ్యవధిలో, అంటే 1, 7, 14, 21 రోజుల్లో చేసిన నాలుగు పరీక్షల్లోనూ అంకె కదలకుండా ఉండాలి. పెరుగుతుంటే మాత్రం అన్నాళ్లు చూడరు. 1, 7, 14 రోజుల్లో చేసిన మూడు పరీక్షల్లో పెరుగుతూ పోతే చాలు, చికిత్స మొదలుపెడతారు. మీ దగ్గర నిలకడగా ఉన్నవి 118, 112, 109. మూడే. నాలుగోది వచ్చే వారం వస్తుంది. మీ డాక్టర్ ఆ పరీక్ష కోసం ఆగుతున్నది ఇందుకే.

ఇక్కడ ఒక చిక్కుంది. 112 వేరే ల్యాబ్ అంకె. రక్తంలో హెచ్‌సీజీ ఒకే రూపంలో ఉండదు. మొత్తం అణువు ఉంటుంది, దాని ముక్కలూ ఉంటాయి. ఒక్కో కంపెనీ కిట్ వీటిని ఒక్కో తీరున కొలుస్తుంది. ఒకే రక్తం రెండు ల్యాబ్‌లకు పంపితే రెండు అంకెలు రావచ్చు. కాబట్టి ఆ 112ను మిగతా వాటితో కలిపి గీత గీయడం కుదరదు. ఈ సంగతి మీ డాక్టర్‌కు చెప్పారా? చెప్పకపోతే ఈసారి తప్పకుండా చెప్పండి. అదే ల్యాబ్‌లో చేసిన 118, 109 మాత్రమే చూసినా రెండు వారాల్లో తగ్గుదల స్వల్పమే. అనుమానం పోదు. కానీ నిర్ణయానికి ముందు మరో వారం చూద్దామని డాక్టర్ అనవచ్చు. మీ అంకె ఉన్న స్థాయిలో, ఒంట్లో వేరే లక్షణాలేవీ లేనప్పుడు, ఒకటి రెండు వారాలు గమనించడం వల్ల చికిత్స అవకాశాలేవీ చేజారవు. పరీక్షలే మానేయడం వేరు, పరీక్ష చేస్తూ ఆగడం వేరు.

జాగ్రత్త తీసుకోని ఆ రెండుసార్ల సంగతి కూడా డాక్టర్‌కు చెప్పాలి. మామూలు గర్భం నిలిస్తే తొలి వారాల్లో హెచ్‌సీజీ సుమారు రెండు రోజులకోసారి రెట్టింపవుతూ పోతుంది. 110 దగ్గర వారాల తరబడి కూర్చోదు. కాబట్టి మీ అంకెలు కొత్త గర్భంలా కనిపించడం లేదు. అయినా ఇంజెక్షన్ వేసే ముందు స్కానింగ్ చేసి ఆ సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ మందు గర్భానికి హాని చేస్తుంది. ఈ రోజు నుంచే కండోమ్ గానీ, డాక్టర్ రాసిన గర్భనిరోధక మాత్రలు గానీ వాడండి. మాత్రలు వాడితే హెచ్‌సీజీ తగ్గడం ఆలస్యమవుతుందని ఒకప్పుడు భయపడేవారు, ఇప్పుడు ఆ భయం అక్కర్లేదని తేలింది. కాపర్‌టీ లాంటివి మాత్రం హెచ్‌సీజీ మామూలయ్యే దాకా వద్దు. జబ్బు ఇంకా గర్భసంచి గోడలో ఉంటే రంధ్రం పడే ప్రమాదం, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటాయి.

జుట్టు కోసమో గోళ్ల కోసమో బయోటిన్ మాత్రలు వాడుతున్నారా? అవి కొన్ని రకాల హెచ్‌సీజీ కిట్లను తప్పుదారి పట్టిస్తాయి. వాడుతుంటే రక్తం ఇచ్చే ముందు ఎన్నాళ్లు ఆపాలో అడగండి. అరుదుగా మన రక్తంలోని కొన్ని యాంటీబాడీలు కూడా కిట్‌ను మోసగించి, లేని హెచ్‌సీజీని ఉన్నట్టు చూపిస్తాయి. ఆ యాంటీబాడీలు మూత్రంలోకి రావు. అందుకే తక్కువ స్థాయిలో అంకె కదలకుండా ఉన్నప్పుడు అదే రోజు మూత్రంలోనూ హెచ్‌సీజీ చూస్తారు, లేదా వేరే కంపెనీ కిట్ మీద ఒకసారి సరిచూస్తారు. కీమో మొదలుపెట్టే ముందు ‘ఇది నిజమైన హెచ్‌సీజీయేనా అని చూశారా?’ అని అడగడం తప్పు కాదు. మంచి డాక్టర్ ఎవరూ ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. ఇంట్లో వాడే గర్భపరీక్ష కిట్ మాత్రం ఈ పనికి రాదు. అలాంటి కిట్లు చాలావరకు 25 దగ్గర గానీ పాజిటివ్ చూపించవు. మీకు కావలసినది 5 కన్నా తక్కువ.

వచ్చే వారం అంకె 98 కన్నా కిందికి వస్తే మళ్లీ దిగుతున్నట్టే. ఇంజెక్షన్ల మాట పక్కన పెట్టి వారం వారం చూస్తూ పోతారు. ఇప్పటిలాగే ఉండిపోయినా, పెరుగుతూ పోయినా, దాన్ని జీటీఎన్ (జెస్టేషనల్ ట్రోఫోబ్లాస్టిక్ నియోప్లాసియా) అంటారు. మోల్ కణజాలం కొంత గర్భసంచి గోడలో మిగిలి తనంతట తాను పెరుగుతోందన్నమాట. కంప్లీట్ మోల్ తీసేసిన ప్రతి 100 మందిలో సుమారు 15 నుంచి 20 మందికి ఇలా జరుగుతుంది. సక్షన్ సరిగ్గా చేయలేదనో, మీరు విశ్రాంతి తీసుకోలేదనో కాదు. పరీక్షలు వారం వారం పెట్టడం వెనక ఉద్దేశమే ఆ 15, 20 మందిని తొందరగా పట్టుకోవడం.

అలా తేలితే ముందు మరికొన్ని పరీక్షలుంటాయి. యోనిలో గడ్డలేమైనా ఉన్నాయేమో చూస్తారు. ఉన్నా అక్కడి నుంచి ముక్క తీయరు, విపరీతంగా రక్తం పోతుంది. డాప్లర్ స్కాన్‌లో గర్భసంచి గోడను చూస్తారు. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, ఎందుకంటే ఈ కణాలు గర్భసంచి దాటితే ముందుగా వెళ్లేది ఊపిరితిత్తులకే. తర్వాత ఒక స్కోరు వేస్తారు. వయసు 40 లోపా, ముందటి గర్భం ఏమిటి, అది ముగిసి ఎన్నాళ్లయింది, హెచ్‌సీజీ ఎంత, గడ్డ ఎంత పెద్దది, ఎక్కడికైనా పాకిందా, పాకితే ఎన్ని చోట్ల, ఇంతకు ముందు కీమో పనిచేయకుండా పోయిందా అన్నవి చూసి కలుపుతారు. 6 దాకా తక్కువ ముప్పు, 7 నుంచి ఎక్కువ ముప్పు. మీరు రాసిన వివరాలను బట్టి వయసు, ముందటి గర్భం, వ్యవధి, హెచ్‌సీజీ, ఈ నాలుగింటికీ సున్నాయే వస్తుంది. స్కాన్‌లో, ఎక్స్‌రేలో ఏమీ లేకపోతే మీ మొత్తం స్కోరే సున్నా. ఆ కాగితం మీ చేతికి వచ్చినప్పుడు ఈ అంకె చూసుకోండి.

అప్పుడు మీ ముందుండే దారులు ఇవి.

ఎక్కువమందికి ఇచ్చేది మెథోట్రెక్సేట్. బాగా వాడుకలో ఉన్న పద్ధతిలో 1, 3, 5, 7 రోజుల్లో కండరానికి 50 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, మధ్య రోజుల్లో, అంటే 2, 4, 6, 8 రోజుల్లో 15 మిల్లీగ్రాముల ఫోలినిక్ యాసిడ్ మాత్ర. రెండు వారాలకోసారి ఈ ఎనిమిది రోజుల కోర్సు. ప్రతి కోర్సుకు ముందు రక్తకణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు చేస్తారు. హెచ్‌సీజీ మామూలయ్యాక కూడా ఆరు వారాలు, అంటే మరో మూడు కోర్సులు ఇస్తారు. ఆ చివరి మూడూ మానేసిన వాళ్లకు జబ్బు తిరగబెట్టడం ఎక్కువ, కాబట్టి ‘అంకె సున్నా అయింది కదా’ అని అక్కడ ఆపకూడదు. ఈ మందుతో జుట్టు రాలడం అరుదు. నోటిపూత, కళ్లు మండటం, ఎండకు చర్మం తట్టుకోలేకపోవడం, గాలి గట్టిగా పీలిస్తే ఛాతీలో నొప్పి రావచ్చు. ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు. మరో ముఖ్యమైన మాట. గర్భం కోసం మీకు ఫోలిక్ యాసిడ్ రాసి ఉంటారు, ఆ మాత్రలు ఇంకా వేసుకుంటూ ఉండవచ్చు. ఇంజెక్షన్లు మొదలవుతుంటే ఆ సంగతి చెప్పి ఆపేయండి. అది మెథోట్రెక్సేట్ పనికి అడ్డుపడుతుంది. చికిత్సలో భాగంగా ఇచ్చే ఫోలినిక్ యాసిడ్ వేరు, దాన్ని మాత్రం చెప్పిన రోజున చెప్పిన వేళకు వేసుకోవాలి.

ఆక్టినోమైసిన్‌డీ రెండోది. రెండు వారాలకోసారి నరం ద్వారా ఇస్తారు. ఆసుపత్రికి తిరగడం తగ్గుతుంది. కానీ వాంతులు ఎక్కువ, జుట్టు కొంత రాలవచ్చు, మందు నరం బయటికి కారితే చర్మం పుండు పడుతుంది. లివర్ బాగాలేని వారికీ, మెథోట్రెక్సేట్ సరిగా పనిచేయని వారికీ ఇది పనికొస్తుంది. మొదటి మందు కొందరికి సరిపోదు, మధ్యలో మార్చాల్సి వస్తుంది. మార్చారంటే ఆశ వదులుకున్నారని కాదు. తక్కువ ముప్పు ఉన్నవారిలో చివరికి దాదాపు అందరికీ నయమవుతుంది.

మళ్లీ ఒకసారి సక్షన్ చేయించుకుంటే కీమో తప్పుతుందా అని చాలామంది అడుగుతారు. కొందరికి తప్పుతుంది. జబ్బు గర్భసంచి లోపలే ఉండి, ఎక్కడికీ పాకకుండా, స్కాన్‌లో కణజాలం స్పష్టంగా కనిపిస్తుంటే ఇది ఆలోచించదగినదే. అలాంటివారిలో పది మందికి సుమారు నలుగురు ఇంజెక్షన్లు లేకుండానే బయటపడ్డారు. మిగతా ఆరుగురికి ఇంజెక్షన్లు ఎలాగూ కావలసి వచ్చాయి. గర్భసంచికి రంధ్రం పడటం, రక్తస్రావం, లోపలి పొరలు అతుక్కోవడం అన్న ముప్పులున్నాయి. స్కాన్‌లో ఏమీ కనిపించకపోతే, మీ అంకె స్థాయిలో అదే జరగవచ్చు, రెండోసారి చేసి ప్రయోజనం ఉండదు.

గర్భసంచి తీయించుకోవడం గురించి సూటిగా చెబుతాను. పిల్లలు చాలనుకున్న, 40 దాటిన వారికి అది ఒక దారి. మీకు 29 ఏళ్లు, పిల్లలు కావాలి. పైగా గర్భసంచి తీసినా హెచ్‌సీజీ పరీక్షలు తప్పవు, అప్పటికే కొన్ని కణాలు రక్తంలో కలిసి వేరే చోటికి చేరి ఉండవచ్చు. మీ బంధువు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ ఆ సలహా మీకు వర్తించదు.

ఇక పరీక్షలు ఆపేస్తే? ఆపేసిన వెంటనే ఏమీ తెలియదు. ప్రమాదం అక్కడే ఉంది. మనిషి బాగానే ఉంటుంది, నెలసరీ రావచ్చు. లోపల మిగిలిన కణజాలం గర్భసంచి గోడను తొలుచుకుంటూ పోయి ఒకనాడు భారీ రక్తస్రావంతో బయటపడవచ్చు, ఊపిరితిత్తులకు చేరవచ్చు, కొద్దిమందిలో కోరియోకార్సినోమాగా, అంటే మాయ కణాల నుంచి పుట్టే క్యాన్సర్‌గా మారవచ్చు. అప్పుడూ చికిత్స ఉంటుంది. కానీ ఒక్క మందుతో పోయేది ఐదు మందులతో గానీ పోదు. మీరు ‘కీమో’ అన్న మాట విని భయపడ్డారు. ఇంకొక సంగతి కూడా వినండి. 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు ఈ మెథోట్రెక్సేట్‌తోనే, అప్పటికే ఒళ్లంతా పాకిన కోరియోకార్సినోమాను తగ్గించారు. గడ్డ రూపంలో ఉండే క్యాన్సర్ కేవలం మందుతో నయమవడం వైద్యంలో అదే మొదలు. ఇన్ని దశాబ్దాల అనుభవం ఉన్న మందు మీకు ఇవ్వబోతున్నది. మెథోట్రెక్సేట్ వల్ల పిల్లలు పుట్టే శక్తి పోదు.

అత్తగారి మాట దగ్గరికి వద్దాం. మీ రిపోర్టులోని ‘పీ57 నెగెటివ్’ అన్న మాట దీనికి సమాధానం. పీ57 అనే ప్రొటీన్ తల్లి నుంచి వచ్చిన జన్యువు ప్రతి నుంచే తయారవుతుంది. అది లేదంటే ఆ కణజాలంలో తల్లి జన్యుపదార్థం లేదని అర్థం. కంప్లీట్ మోల్‌లో జరిగేది ఇదే. అండంలో ఉండవలసిన తల్లి క్రోమోజోములు ఉండవు. అందులోకి వెళ్లిన వీర్యకణం తన 23 క్రోమోజోములను రెట్టింపు చేసుకుంటుంది, లేదా కొన్నిసార్లు రెండు వీర్యకణాలు ఒకేసారి వెళతాయి. మొత్తం 46 వస్తాయి, లెక్క సరిపోతుంది, కానీ అన్నీ తండ్రివే. బిడ్డ ఏర్పడాలంటే ఇద్దరివీ కావాలి. తండ్రి జన్యువులు మాయ పెరుగుదలను ముందుకు తోస్తాయి, తల్లివి దాన్ని అదుపులో ఉంచుతాయి. ఆ అదుపు లేక మాయ మాత్రమే అడ్డూ ఆపూ లేకుండా పెరిగి, నీరు నిండిన తిత్తులుగా ఉబ్బుతుంది. ఇదంతా ఫలదీకరణ జరిగిన క్షణంలోనే, నెల తప్పిందని మీకు తెలియకముందే ఖాయమైపోయింది. ఆ తర్వాత మీరు ఎత్తిన బరువుకూ, చేసిన ఉద్యోగానికీ, కలయికకూ, దీనికీ ఏ సంబంధమూ లేదు. ‘అన్నీ తండ్రివే’ అన్న మాట విని తప్పు మీవారి మీదికి మళ్లకూడదు. ఆయన వీర్యంలో లోపం ఉందని కాదు. 16 లోపు, 40 దాటిన వయసుల్లో ఇది ఎక్కువ, కానీ మీ వయసు వాళ్లకూ వస్తుంది.

పార్షియల్ మోల్ అని ఇంకొకటుంది. అందులో మంచి అండంలోకే రెండు వీర్యకణాలు వెళ్లి 69 క్రోమోజోములవుతాయి. పిండం ఆనవాళ్లు ఉండవచ్చు, బతకదు. దాని తర్వాత జీటీఎన్ వచ్చేది 100 మందిలో ఐదుగురి లోపే. పరీక్షల గడువు దానికి వేరు కాబట్టి ఈ రెండింటి తేడా ముఖ్యం.

అప్పట్లో మీకు వచ్చిన దడ, వణుకు కూడా దీని వల్లే అయి ఉండవచ్చు. హెచ్‌సీజీ అణువు థైరాయిడ్‌ను నడిపించే హార్మోన్‌ను పోలి ఉంటుంది. లక్షల్లో ఉన్నప్పుడు థైరాయిడ్‌ను అతిగా పనిచేయిస్తుంది. సక్షన్ తర్వాత ఆ లక్షణాలు తగ్గి ఉంటాయి. తగ్గకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించండి. అండాశయాల్లో నీటి తిత్తులున్నాయని స్కాన్‌లో రాస్తే కంగారు పడకండి. హెచ్‌సీజీ తగ్గేకొద్దీ రెండు మూడు నెలల్లో అవే కరుగుతాయి. అయితే ఉన్నట్టుండి పొత్తికడుపులో ఒక పక్క భరించలేని నొప్పి వస్తే తిత్తి మెలిపడి ఉండవచ్చు, ఆగకుండా వెళ్లాలి. గంటకో ప్యాడ్ తడిసిపోయే రక్తస్రావం, ఆయాసం, దగ్గులో రక్తం, ఎన్నడూ లేనంత తలనొప్పి, ఫిట్స్ వచ్చినా అంతే. అపాయింట్‌మెంట్ కోసం చూడవద్దు.

ఆరు నెలలా, ఏడాదా? ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, వేర్వేరు సందర్భాలు చెప్పారు. కీమో లేకుండా హెచ్‌సీజీ దానంతట అదే 5 కన్నా దిగువకు వస్తే, కంప్లీట్ మోల్‌కు నెలకోసారి చొప్పున ఆరు నెలలు చూస్తారు. కొన్ని చోట్ల సక్షన్ జరిగి 56 రోజుల్లోపు మామూలైతే ఆరు నెలలను సక్షన్ రోజు నుంచి లెక్కిస్తారు, ఆ తర్వాత మామూలైతే మామూలైన రోజు నుంచి. మీకు ఏడు వారాలు గడిచాయి. 56 రోజులంటే ఎనిమిది వారాలే కాబట్టి, మీ విషయంలో ‘మామూలైన రోజు నుంచి’ అన్న లెక్కే వర్తిస్తుందని అనుకోండి. అంకె మామూలయ్యాక మళ్లీ జబ్బు కనిపించడం వెయ్యి మందిలో ముగ్గురు నలుగురికి మించదు, అందుకని మూడు నెలలు చాలని ఇప్పుడు కొందరు నిపుణులు అంటున్నారు. మీ డాక్టర్ ఏ లెక్క పాటిస్తారో అడిగి కాగితం మీద తేదీ రాయించుకోండి. పార్షియల్ మోల్ అయితే మామూలయ్యాక నెల రోజులకు ఇంకొక్క పరీక్ష చాలు. కీమో తీసుకున్నవారు చివరి ఇంజెక్షన్ తర్వాత ఏడాది ఆగాలి, జబ్బు తిరగబెడితే చాలావరకు ఆ ఏడాదిలోనే బయటపడుతుంది.

మీవారితో మాట్లాడేటప్పుడు ఇదొక్కటి చెప్పండి: జబ్బు మిగిలి ఉందో లేదో చెప్పేది హెచ్‌సీజీ ఒక్కటే. గర్భం నిలిస్తే హెచ్‌సీజీ ఎలాగూ పెరుగుతుంది. అప్పుడు పెరిగింది గర్భం వల్లా, జబ్బు వల్లా అన్నది ఎవరూ చెప్పలేరు. ఆగమనేది అందుకే గానీ, మీ గర్భసంచి బలహీనపడిందని కాదు. వీలైతే వచ్చే వారం ఆయన్నూ తీసుకెళ్లండి. ఇవే మాటలు డాక్టర్ నోట వింటే వేరుగా ఉంటుంది. ఆయన తొందరలో కూడా దుఃఖం ఉందేమో చూడండి. ఆయనా తండ్రి కాబోతున్నాననుకున్నారు. మామూలయ్యాక, గడువు పూర్తి కాకముందే పొరపాటున గర్భం నిలిస్తే భయపడి తీయించేసుకోవద్దు. వెంటనే చెప్పి స్కాన్ చేయించుకోండి, అలాంటి గర్భాలు ఎక్కువగా మామూలుగానే సాగుతాయి.

మళ్లీ ఇదే వస్తుందా అంటే, ఒకసారి వచ్చిన 100 మందిలో సుమారు ఒక్కరికి. మిగతావారికి మామూలు గర్భమే. రెండుసార్లు వచ్చినవారి సంగతి వేరు, వారికి ముప్పు బాగా పెరుగుతుంది. ముఖ్యంగా అక్కచెల్లెళ్లకూ వచ్చిన కుటుంబాల్లో ఎన్‌ఎల్‌ఆర్‌పీ7 వంటి జన్యువులను పరీక్షించాలి. మీకు ఇప్పుడు ఆ అవసరం లేదు. తర్వాతి గర్భంలో ఆరేడు వారాలకే స్కాన్ చేయించి గుండె చప్పుడు చూసుకోండి. కాన్పయ్యాక ఆరు వారాలకు ఒకసారి హెచ్‌సీజీ చూడాలా అని డాక్టర్‌ను అడగండి, కీమో తీసుకుని ఉంటే తప్పకుండా.

మీ చివరి ప్రశ్న. మీ కంప్లీట్ మోల్‌లో బిడ్డ ఏర్పడలేదు. నొప్పి అనుభవించిన ప్రాణమేదీ అక్కడ లేదు, మీరు ఎవరినీ కాపాడుకోలేక పోగొట్టుకోలేదు. ఇది వైద్యం చెప్పే నిజం. నెల తప్పిన రోజు నుంచి పదో వారం దాకా మీరు ఒక బిడ్డను అనుకుంటూ గడిపారు, అదీ నిజమే. మీరు ఏడుస్తున్నది దాని కోసం. అందులో తప్పేముంది? గర్భస్రావం అయినవారికి నాలుగు రోజుల తర్వాత ఆసుపత్రి మరపునకు వస్తుంది. మీరు మాత్రం వారం వారం సూది గుచ్చించుకుని ఫోన్‌లో అంకె కోసం ఎదురుచూడాలి. దుఃఖం తీరే వ్యవధి కూడా ఉండదు. నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం రెండు వారాలు దాటితే అదీ డాక్టర్‌కు చెప్పండి, మానసిక వైద్యుల సాయం తీసుకోండి.

వచ్చే వారం రక్తం మీరెప్పుడూ ఇచ్చే ల్యాబ్‌లోనే ఇవ్వండి. ఏడు అంకెలనూ తేదీలతో, ఏ ల్యాబ్‌దో పక్కనే రాసి ఒకే కాగితం మీద పెట్టుకుని వెళ్లండి. బయాప్సీ రిపోర్టు నకలు, వాడుతున్న మాత్రల పేర్లు కూడా తీసుకెళ్లండి. ఒకవేళ జీటీఎన్ అని తేలితే, ఈ జబ్బుకు తరచూ చికిత్స చేసే క్యాన్సర్ కేంద్రం అభిప్రాయం కూడా తీసుకోవచ్చా అని మీ డాక్టర్‌నే అడగండి. రిపోర్టులు పంపి అడిగితే సరిపోతుంది, చికిత్స మీ ఆసుపత్రిలోనే జరగవచ్చు.